ఆరు సాక్షి బిళ్ళలు

మంగళవారం మధ్యాహ్నం పన్నెండూ పదికి గురులింగప్ప చిరాగ్‌పల్లి దాటాక ఉన్న వజ్రాస్థి ల్యాబ్స్ గేటులో అడుగుపెట్టాడు. పన్నెండూ పన్నెండుకల్లా ఆయన చేతిలో పాలకోవా ముక్క ఉంది. నిందితురాలి తరఫున వచ్చిన డిటెక్టివ్‌కు నోరు తీపిచేసి స్వాగతం పలికిన కంపెనీని ఇరవై ఆరేళ్ల వేలిముద్రల శాఖ నౌకరీలో గానీ, ఆ తర్వాత ఆరేళ్ల సొంత పనిలో గానీ ఆయన ఎరగడు.

“తీసుకోండి, మొహమాటపడకండి,” అంది డైరెక్టర్ డాక్టర్ విజయలక్ష్మి. “పొద్దున్న హైదరాబాదులో మా నాన్నగారికి తుంటి ఆపరేషన్ అయింది. పదీ నలభైకల్లా ముగించేశారు. మా కాడ మనిషి ఒంట్లోకి వెళ్లడం ఇదే మొదటిసారి. సొంత తండ్రికి పెట్టించుకోలేని వస్తువు ఊళ్లోవాళ్లకి ఎలా అమ్ముతానండీ?”

కాడ అంటే తుంటి అరిగిపోయినవాళ్లకు తొడ ఎముకలో దింపే టైటానియం కడ్డీ. అదే ఆస్పత్రిలో ఇవాళే సాయంత్రం నాలుగింటికి రెండో కాడ వెయ్యబోతున్నారు. ఆ రెండో మనిషి ఈ కంపెనీలోనే ఆయాగా పనిచేసే బీరమ్మ. బీరమ్మది గురులింగప్ప ఊరే, ఝరాసంగం. పొద్దున తొమ్మిదిన్నరకు ఆస్పత్రి మంచం మీది నుంచి ఆయనకు ఫోన్ చేసింది. “అన్నా, నా కాలు సంగతి తర్వాత. నా బిడ్డను కంపెనీల కూసోబెట్టిన్రట. అది చీమకు సుత ద్రోహం చెయ్యది. జర పోయి చూడే,” అని ఏడ్చింది. ఆమెకు అదొక్కతే కూతురు. పేరు ప్రణీత. ఇరవై ఆరేళ్లది. ఈ ల్యాబ్‌లోనే టెక్నీషియన్.

గురులింగప్ప కోవా నోట్లో వేసుకున్నాడు. తీపికీ ఆయనకూ పడని రోజంటూ లేదు. బల్ల చుట్టూ ఇంకో ఇద్దరున్నారు. ఒకడు ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన పరిశోధకుడు ఫణీంద్ర. నలభై దాటలేదు, చొక్కా మీద ముడత లేదు, మాటలో వంక లేదు. రెండోవాడు తొట్టి సెక్షన్ ఇన్‌చార్జి అమర్నాథ్, బొంతపల్లి ఫ్యాక్టరీల్లో పనిచేసి చేసి అరిచేతులు మొద్దుబారిన మనిషి. కోవా డబ్బా తన ముందుకు రాగానే అమర్నాథ్ దాన్ని పక్కకు జరిపాడు.

“నాకు షుగరు మేడం. తినరాదు.”

“పెద్దాయనా, మీరు రావడం సంతోషం,” అన్నాడు ఫణీంద్ర, సంతోషం ఛాయలు ఎక్కడా కనపడనీయకుండా. “కానీ మీరు చెయ్యడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. మూడింటికి ఆ అమ్మాయిని పోలీసులకి అప్పగిస్తున్నాం. ఈలోగా ఒప్పుకుని ఈ కాగితం మీద సంతకం చేస్తే, ఉద్యోగం పోగొట్టి ఊరుకుంటానని మేడం అంటున్నారు.”

కాగితం బల్ల మీద సిద్ధంగా ఉంది. పదిహేడో బ్యాచ్ పరీక్షను నేనే కావాలని చెడగొట్టాను అని నాలుగు పంక్తులు. పక్కనే మూత తీసిన పెన్ను.

“ఎట్ల చెడగొట్టింది?”

“సాక్షి బిళ్ళల సంగతి తెలుసా మీకు?”

“తెల్వది. చెప్పున్రి.”

ఫణీంద్ర చెప్పాడు. పాఠం బట్టీపట్టినవాడిలా చెప్పాడు గానీ, స్పష్టంగానే చెప్పాడు. ప్రతి బ్యాచ్‌లో పన్నెండు కాడలు ఆమ్లపు తొట్టిలో వేలాడతాయి. వాటితోపాటు అదే కొక్కేలకు రూపాయి బిళ్ళంత టైటానియం బిళ్ళలు ఆరు వేలాడతాయి. కాడలకు ఏం జరిగితే బిళ్ళలకూ అదే జరుగుతుంది. కాడను పాడుచేసి పరీక్షించలేరు కనుక బిళ్ళల మీద ఎముక కణాలు వేసి, రెండు రోజులుంచి, కుదిపి కడుగుతారు. నూటికి తొంభై కణాలు పట్టు వదలకపోతే బ్యాచ్ పాసైనట్టు.

“శనివారం పొద్దున్న పదింటికి ప్రణీత పదిహేడో బ్యాచ్ బిళ్ళల మీద కణాలు వేసింది. సోమవారం పదింటికి కడిగింది. నూటికి ముప్పై ఒకటి మిగిలాయి. మధ్యలో ఆదివారం సాయంత్రం ఆరూ ఐదు నుంచి ఆరూ నలభై దాకా ల్యాబ్‌లో తనొక్కతే ఉంది. డ్యూటీ లేదు. చెత్తబుట్టలో ఖాళీ సీసా దొరికింది. కణాల పట్టు ఊడగొట్టే ఎంజైమ్ అది. దాని మీద ఆవిడ వేలిముద్రలు. ఇంకేం కావాలి?”

“ల్యాబ్ల పనిచేసే పిల్ల వేలిముద్రలు ల్యాబ్ సీసా మీద దొరికినయా! వంటింట్ల ఉప్పు డబ్బా మీద ఇంటామె వేళ్లు దొరికినట్టున్నది.”

ఫణీంద్ర ముఖం ఎర్రబడింది. “కామెడీకి టైం లేదండి.”

“నాకు సుత లేదు సార్. పిల్లతోని మాట్లాడిస్తరా?”

*

ప్రణీత రికార్డుల గదిలో పొద్దున తొమ్మిది నుంచి కుర్చీ కదలకుండా కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, కానీ తడి లేదు. గురులింగప్పను చూడగానే లేచి నిలబడింది.

“అమ్మ నీకు ఫోన్ చేసిందా మామా? నేను చెప్పొద్దనుకున్న. ఎవరో చెప్పేసిన్రు. ఆపరేషన్ ముంగట బీపీ పెరుగుతదని భయమైతుంది.”

“అమ్మ సంగతి నాలుగింటికి కద. ఇప్పుడు నీ సంగతి చూద్దాం. ఆ బిళ్ళల మీద ఏముంటది బిడ్డా? నాకు అర్థమయ్యేటట్టు చెప్పు.”

“గుంతలు మామా. కంటికి కనపడయి. వెంట్రుకను నిలువుగ వెయ్యి చీలికలు చేస్తే ఒక చీలిక ఎంతుంటదో అంత వెడల్పు. ఆమ్లపు తొట్టిల కరెంటు పెడితే లోహం మీద అసొంటి గుంతలు కోట్ల కొద్ది పడతయి. ఎముక కణం వచ్చి తడుముకుంటది. గుంతలు సరిగ్గ ఉంటే పట్టు దొరికి కాళ్లు చాపుతది. మరీ పెద్దగున్నా, అసలే లేకున్నా పట్టు దొరకది. కడిగితే పోతది.”

“మన ఇసుర్రాయికి గంట్లు కొట్టినట్టు.”

“అచ్చం అట్లనే. గంట్లు అరిగిన రాయి మీద జొన్నలు జారిపోవా? గట్ల.” ఆ మాట అంటుంటే ఆమె గొంతులో మొదటిసారి కొంచెం ప్రాణం వచ్చింది. తన పని గురించి మాట్లాడేటప్పుడు ఏ పనిమంతుడికైనా అంతే.

“ఐతారం సాయంత్రం ఎందుకొచ్చినవ్?”

“కణాలకు ఐతారం ఉండది మామా. ముప్పై గంటలు దాటితే వాటి తిండి మార్చాలె. ప్రతి బ్యాచ్‌కు వస్త. రిజిస్టర్ల ఎప్పటెప్పటివో సంతకాలున్నయి, చూడమను.”

“ఎంజైమ్ సీసా?”

“కణాలను పెంచే బుడ్డికి అవి అతుక్కొని ఉంటయి. అక్కడికెళ్లి ఊడగొట్టి తీస్తెనే కద బిళ్ళల మీద వేసేది? శనివారం పొద్దుగాల వాడిన. బుట్టల వేసిన.”

“మూడు రోజులు బుట్టల్నే ఉన్నదా? తీసేటోళ్లు లేరా?”

ప్రణీత ఒక్క క్షణం ఆగింది. “తీసేది అమ్మనే మామా. శుక్రవారం నుంచి దవాఖాన్ల ఉన్నది.”

గురులింగప్ప గడ్డం గోక్కున్నాడు. తల్లి మంచాన పడితే కూతురి మెడకు చుట్టుకున్న చెత్తబుట్ట! దానికి నవ్వాలో ఏడవాలో ఆయనకు తెలియలేదు.

“కణాలు వేసినంక కడిగేలోపల ఎవలన్న చూస్తరా వాటిని?”

“నాలుగు గంటలకు ఒక ఫొటో తీస్తం. కెమెరానే టైం వేస్తది. మంచి బిళ్ళ మీద నాలుగు గంటలల్ల కణం కాళ్లు చాపి పరుచుకుంటది.”

“పదిహేడుకు తీసినవా?”

“తీసిన. శనివారం రెండింటికి.” ఆమె గొంతు తగ్గింది. “అన్నీ ఆవగింజల లెక్క గుండ్రంగనే ఉన్నయి మామా. ఇంకింత టైం పడతదేమో అనుకున్న. ఫణీంద్ర సార్‌కు చెప్పిన. ఆయన సోమవారం లెక్కనే చూసిండు.”

గురులింగప్ప జేబులోంచి చిన్న పుస్తకం తీసి రెండు టైములు రాసుకున్నాడు. శనివారం రెండు. ఆదివారం ఆరూ ఐదు. వాటి మధ్య గీత గీసి, గీత మీద ఇరవై ఎనిమిది అని వేశాడు.

“ఫికర్ చెయ్యకు. ఆ కాయిదం మీద మాత్రం సంతకం పెట్టకు.”

“పోలీసుల దాక పోయిందని అమ్మకు తెలిస్తే ఆపరేషన్ వద్దని లేచొస్తది మామా. సంతకం పెడితే ఇది ఇక్కడికే ముగుస్తదేమో అని పొద్దటి నుంచి రెండు సార్లు పెన్ను పట్టుకున్న.” ఇప్పుడు ఆమె కంట్లో నీళ్లు తిరిగాయి. “ఆమె అసలు వద్దన్నది. నేనే ఒప్పించిన. పదహారో బ్యాచ్ బిళ్ళలు నా చేతుల మీద పాసైనయి, నాకంటే ఎక్కువ ఎవలకు తెలుస్తదని.”

*

ల్యాబ్ ముందు వరండాలో ఒకటీ నలభైకి టీ వచ్చింది. గురులింగప్ప గ్లాసు అందుకుని అమర్నాథ్ పక్కన గోడకు ఆనుకున్నాడు.

“తొట్టి పని నీదేనా అన్నా?”

“నాదే. నాలుగేండ్లాయె.”

“పదహారో బ్యాచ్ ఎప్పుడు ముంచినవ్?”

“దసరా అయిన నాలుగో రోజు. ఆరు గంటలు తొట్టిల. కాడలు, బిళ్ళలు ఒకటే సారి. తీసి కడిగి, ఆరబెట్టి, కవర్ల పెట్టి సీల్ చేసి ల్యాబ్‌కు పంపిన. పదిహేడు కూడ గట్లనే. నా పని ఒక్కతీరు ఉంటది.” అమర్నాథ్ టీ ఇచ్చే మనిషి వైపు గ్లాసు చాపాడు. “జర చక్కెర ఇంకింత వెయ్యవే. నీళ్ల లెక్కున్నది.”

గురులింగప్ప తన టీలోకి చూసుకున్నాడు. అది బెల్లం పానకంలా ఉంది.

“అవి మంచిగైనయని నీకు ఎట్ల తెలుస్తది?”

“రంగు చూస్తే చాలు. నీలం తిరిగిన బూడిద రంగు వస్తది. వచ్చింది రెంటికీ.”

“గుంతలు?”

“గుంతలు ఎవలకు కనపడతయి గురులింగప్ప గారు?” అని నవ్వాడు అమర్నాథ్. ఆ నవ్వు కళ్ల దాకా పోలేదు. గ్లాసు సగంలోనే కింద పెట్టి వెళ్లిపోయాడు.

*

రెండూ ఐదుకు ల్యాబ్‌లో అందరూ చేరారు. గురులింగప్ప కోరిక మీద ప్రణీతను కూడా తెచ్చారు. ఫణీంద్ర చేతిలో ఆ కాగితం, పెన్ను అలాగే ఉన్నాయి. గోడ మీది స్క్రీన్ ముందు ప్రణీత శనివారం ఫొటో తెరిచింది. మూలన టైం ఉంది. పద్నాలుగు గంటల రెండు నిమిషాలు.

“చూడున్రి మేడం. శనివారం రెండింటికే కణాలు పట్టుకోలేదు. ఫణీంద్ర సార్ చెప్పే నేరమేమో ఆదివారం ఆరింటికి. నేరానికి ఇరవై ఎనిమిది గంటల ముందే శవం తయారైందన్నట్టు! బిళ్ళలు ఉంచిన ఈ ప్లేట్ల బిళ్ళ లేని రెండు ఉత్త గళ్లు కూడ ఉన్నయి. అదే పిల్ల, అవే కణాలు, అదే తిండి. అక్కడ కణాలు కాళ్లు చాపినయి. శనివారమే ఎంజైమ్ కలిపిందనుకున్నా, అవి ఎట్ల పట్టుకున్నయి?”

విజయలక్ష్మి స్క్రీన్ దగ్గరగా వెళ్లి చూసింది. సైన్స్ చదివిన మనిషి. ఆమెకు రెండో మాట అవసరం లేకపోయింది. “ఇది నాకెందుకు చూపించలేదు ఫణీంద్ర గారూ?”

ఫణీంద్ర తడబడ్డాడు గానీ పడిపోలేదు. “సరే. కణాలు కాదు, బిళ్ళలు పాడుచేసింది. సీలు విప్పేది తనేగా? నున్నటి బిళ్ళలు పెట్టి ఉండొచ్చు. అదే తొట్టి, అదే ఆమ్లం, అదే మనిషి ముంచిన పదహారో బ్యాచ్‌లో నూటికి తొంభై ఒకటి నిలిచాయండీ. పదిహేడు ఒక్కటే ఎందుకు పోతుంది? తొట్టి తప్పు కాదు. తప్పు ఈ గదిలో ఉంది.”

“బాగ అడిగిన్రు,” అన్నాడు గురులింగప్ప మనస్ఫూర్తిగా. “పొద్దటి నుంచి మీరు అడిగిన మొదటి మంచి ప్రశ్న ఇది. అందరం తప్పినదాని వెంట పడ్డం. పాసైనదాన్ని ఎవలం చూడలే. బిడ్డా, పదహారో బ్యాచ్ బిళ్ళలు ఉన్నయా?”

“ఏడాది దాచాలె మామా. ఫ్రిజ్‌ల ఉన్నయి.”

“టైం వేస్టు మేడం,” అన్నాడు ఫణీంద్ర. “రెండూ పది దాటింది.”

“సార్ పెట్టిన గడువుకు ఇంక యాభై నిమిషాలున్నది,” అన్నాడు గురులింగప్ప. “మూడు కొట్టినంక పిల్లను నేనే గేటు దాటిస్త.”

ప్రణీత గ్లవ్స్ వేసుకుని ఆరు బిళ్ళలు తెచ్చింది. ఒకదాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి నీలం దీపం వెలిగించింది. లెక్క కోసం ఆకుపచ్చ రంగు పట్టించిన కణాలు స్క్రీన్ నిండా కాళ్లు చాపి పడుకుని ఉన్నాయి. ఆ దృశ్యం చూసి విజయలక్ష్మి ముఖం కాస్త తేలికపడింది.

“అంచుకు పో బిడ్డా. ఇంకింత. అగో, అదేంది?”

బిళ్ళ వెనక ఏదో, ముందు ఏదో తెలియడానికి అంచున ఒక చిన్న గాటు కొడతారు. ఆ గాటులో కణం కానిదేదో మసకగా, పచ్చగా మెరుస్తోంది.

“ధూళి మామా. అప్పుడు కూడ చూసిన. రిజిస్టర్ల ధూళి అనే రాసిన.”

“ఆరింటికీ ఉన్నదా?”

ఆమె ఒక్కొక్కటీ పెట్టి చూసింది. ఆరింటికీ ఉంది. అదే గాటులో, అదే పచ్చటి మెరుపు.

గురులింగప్ప కుర్చీలో వెనక్కి వాలాడు. “బిడ్డా, ధూళి అన్నిట్ల ఒక్క జాగల పడది. మేడం, వేలిముద్రల శాఖల ఉన్నప్పుడు మాకు పౌడర్ అయిపోతే, ఏ ఊర్ల ఉంటే ఆ ఊరి వంటింట్ల పసుపు అడుక్కొని చల్లేటోన్ని. నీలం దీపం పెడితే పసుపు గిట్లనే పచ్చగ మెరుస్తది. ఇది పసుపు.”

“పసుపా?” విజయలక్ష్మి నవ్వబోయి ఆగింది. “ల్యాబ్‌లోకి పసుపు ఎలా వస్తుందండీ? గ్లవ్స్ లేకుండా ఎవరూ ముట్టుకోరు.”

“ల్యాబ్ల కాదు మేడం. ప్రణీతా, ఆయుధపూజ నాడు ఈ కంపెనీల మిషన్లకు బొట్లు ఎవరు పెట్టిన్రు?”

“అమ్మ.” ప్రణీత మైక్రోస్కోప్ వదిలి ఆయన వైపు తిరిగింది. “అన్నిటికీ అమ్మనే పెట్టింది. తొట్టికి, పానాలకు, ఆఖరికి నా పెన్నుకు కూడ. అమర్నాథ్ సార్ టేబుల్ మీద ఒక డబ్బా ఉంటది మామా. చూడొచ్చినోళ్లకు చూపించనీకి తొమ్మిదో బ్యాచ్‌ల ఎక్కువ ముంచిన, కణాలు వేయని బిళ్ళలు. చాలా మంచిగొచ్చిన బిళ్ళలు. అది తెరిచి ఒక్కొక్క బిళ్ళకు బొట్టు పెడుతుంటే, ఇవి పనిముట్లు కావమ్మా అని నేను నవ్విన. ‘నీకు అన్నం పెట్టేది ఇవే కదనే’ అన్నది.”

“ఎన్ని బిళ్ళలు?”

“ఆరు.”

ఫణీంద్ర స్క్రీన్ మీది గాటును మళ్లీ చూశాడు. లెక్క అతనికీ అందింది. దసరా అయిన నాలుగు రోజులకు ఆరు గంటలు ఆమ్లంలో నానిన బిళ్ళకు పండుగ నాటి పసుపు మిగలదు; ఫ్రిజ్‌లోంచి తెచ్చినవి ఆ డబ్బాలోని తొమ్మిదో బ్యాచ్ బిళ్ళలే.

గురులింగప్ప తలుపు దగ్గర నిలబడ్డ మనిషి వైపు తిరిగాడు. “అమర్నాథన్నా, ఆ డబ్బా తెస్తవా?”

అమర్నాథ్ కదలలేదు.

“నేను తెచ్చినా ఒక్కటే, నువ్వు తెచ్చినా ఒక్కటే. ఖాళీగుంటది. పైన స్పిరిట్ పెట్టి తుడిచినవ్. గాటుల వెలుగు పడదు కాబట్టి అక్కడ మర్సిపోయినవ్. షుగరున్నోడివి టీల ఇంకింత చక్కెర వేయించుకున్నవ్. ఆ కోవా ఎందుకు దిగలేదు నీకు?”

అమర్నాథ్ తలుపు చెక్క పట్టుకున్నాడు.

“దసరాకు ముంగటి నుంచే ఆమ్లం పలచబడ్డది. కొత్తది రానికి ఐదు వారాలన్నరు. వేరేది కలిపిన. రంగు మంచిగనే వచ్చింది. రంగు చూసి నేను కూడ మోసపోయిన మేడం. ఒక బిళ్ళను పుణెకు పంపి చూపిస్తే గుంతలు లేవన్నరు. అప్పటికి పదహారో బ్యాచ్ కాడలు ప్యాకింగ్ల ఉన్నయి. ఆ డబ్బాల బిళ్ళలు పెట్టి పంపిన. కొత్త ఆమ్లం వచ్చినంక మల్ల ముంచుదామనుకున్న. పదిహేడుకు పెట్టనీకి మంచి బిళ్ళలు ఇగ లేకుండె.”

“నెల ఆగుదామన్నావు నువ్వు,” అంది విజయలక్ష్మి మెల్లగా. “ఆపరేషన్లు ఇప్పుడే వద్దన్నావు. నేను కసిరాను.”

“కారణం చెప్పే ధైర్యం రాలే మేడం.”

ఇంతసేపూ ప్రణీత వాళ్ల మాట వినడం లేదు. ఆమె గోడ గడియారాన్ని చూస్తోంది. “అమ్మకు పెట్టేది పదహారే,” అంది. అని ఒక్క ఉదుటున ఫోన్ అందుకుంది.

రెండూ ముప్పై ఒకటి. విజయలక్ష్మి సర్జన్‌కు చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది, ఎత్తలేదు. ప్రణీత వార్డు నర్సు శిల్పకు చేసింది. తల్లి తిన్నదా, పడుకున్నదా అని శుక్రవారం నుంచి పూటపూటా విసిగిస్తున్న నంబర్ అది.

“ప్రణీతక్కా, నేనే నీకు చేద్దామనుకుంటున్న,” అంది శిల్ప స్పీకర్లో, ఉత్సాహంగా. “ముందటి కేసు తొందరగ అయిపోయింది. అమ్మను రెండుంబావుకే లోపటికి తీసుకపోయిన్రు. మంచి టైంల...”

“ఉరుకు! శిల్పా, ఉరుకు! ఆ కాడ పెట్టొద్దని చెప్పు. ఆపరేషన్‌కు ఒప్పుకున్న సంతకం నాది. అది వాపసు తీసుకుంటున్న. కంపెనీ మేడం నా పక్కకే ఉన్నది, ఆమె కూడ చెప్తది. ఫోన్ పెట్టెయ్యకు, చేతుల పట్టుకొని ఉరుకు!”

విజయలక్ష్మి ఫోన్ మీదికి వంగి అరిచింది. “కంపెనీ డైరెక్టర్‌ని మాట్లాడుతున్నాను. పదహారో బ్యాచ్ వెనక్కి తీసుకుంటున్నాం. ఆపమనండి!”

చెప్పుల చప్పుడు వినిపించింది. తలుపు కొట్టుకున్న చప్పుడు. ఎవరో కసురుకున్నారు. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. గురులింగప్ప మెడలోని ఇష్టలింగాన్ని చొక్కా మీది నుంచే పిడికిట్లో పట్టుకున్నాడు. మూడు నిమిషాలు గడిచాయి. ఫణీంద్ర ఆ కాగితాన్ని ఎప్పుడు నలిపాడో గానీ, అది అతని చేతిలో ఉండచుట్టుకుపోయింది.

మగ గొంతు వచ్చింది. విసుగ్గా, మాస్కు వెనక నుంచి.

“మత్తు ఎక్కింది. కోత పెట్టలేదు. కత్తి చేతిలో ఉండగా ఆపారు. విజయలక్ష్మి గారూ, ఏంటిదంతా?”

ప్రణీత నేల మీద అలాగే కూలబడింది. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, పొద్దటి నుంచి దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. గురులింగప్ప పక్కన గొంతుక్కూర్చుని ఆమె తల మీద చెయ్యి వేశాడు. “మీ అమ్మ పెట్టిన బొట్టే మీ అమ్మను కాపాడింది బిడ్డా,” అన్నాడు.

సర్జన్ ఇంకా లైన్లోనే ఉన్నాడు. “హలో? విజయలక్ష్మి గారూ? వింటున్నారా? మరి పొద్దున్న నాన్నగారికి...”

విజయలక్ష్మి గోడ వైపు తిరిగింది. గడియారం రెండూ నలభై చూపిస్తోంది. పదీ నలభై నుంచి లెక్కవేస్తే సరిగ్గా నాలుగు గంటలు.

స్క్రీన్ రెండు ముక్కలుగా ఉంది. ఒక పక్క తొమ్మిదో బ్యాచ్ బిళ్ళ మీద కాళ్లు చాపిన కణాలు. రెండో పక్క శనివారం తీసిన నాలుగు గంటల ఫొటో, ఆవగింజల్లా గుండ్రంగా, దేన్నీ పట్టుకోని కణాలు. ఆమె ఆ రెండో పక్కనే చూస్తూ ఉండిపోయింది.

“అమర్నాథ్, నాన్నగారి కాడ ఏ బ్యాచ్?” ఆమెకు తెలుసు. తెలిసే అడిగింది.

“పదహారే మేడం. ఒకటో నంబర్.”

ఆమె ప్రణీత వైపు తిరిగింది. పొద్దటి నుంచి ఆ పిల్లను ఆమె పేరుపెట్టి పిలవలేదు.

“ప్రణీతా, నువ్వు లెక్కపెట్టావు కదమ్మా. గుంతలు లేని దాని మీద నూటికి ఎన్ని నిలుస్తాయి?”

ప్రణీత ముఖం తుడుచుకుని గురులింగప్ప వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. చెప్పకుండా ఉండే దారి ఆమెకు కనిపించలేదు.

“ముప్పై ఒకటి మేడం,” అంది.